దవనం మలుపు

ఆమె గొంతు ఊరందరికీ తెలుసు. మొహం మాత్రం తన వీధివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. రైల్వే స్టేషన్లో రెండో ప్లాట్‌ఫారం చివర ఒక ఇరుకు గది ఉంది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి, ఆపితే ఊపిరాడదు. ఆ గదిలో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పడం ఆమె ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే, "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఆ గొంతుతోనే అనేది. ఇల్లంతా నవ్వేది.

ఆ ఉద్యోగం మనిషికి ఒక గుణం నేర్పుతుంది. రావలసిన బండి ఎక్కడుందో తనకే తెలియకపోయినా, ప్లాట్‌ఫారం మీద పిల్లా జెల్లాతో నిలబడ్డవాళ్ళు కంగారుపడకుండా, "మరి కొద్దిసేపట్లో రానున్నది" అని తేనె పూసినట్టు చెప్పడం. చెప్పగా చెప్పగా అది అబద్ధమని కూడా అనిపించదు. స్టేషన్లో నేర్చుకున్న ఆ గుణాన్ని ఇంటి తోటలోకి తెచ్చుకోవడమే ఆమె చేసిన పొరపాటు.

ఆ రోజు కంటాసుపత్రినుంచి ఫోన్ వచ్చేసరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పెటూనియా మొక్కల వాడిన పూలు గిల్లుతోంది. ఫోన్ ఎత్తింది ఆమె భర్త. ఆయన లిఫ్టు మెకానిక్కు. పైకీ కిందకీ తప్ప పక్కకి వెళ్ళడం తెలియని మనిషి అని ఆయన తల్లి వెక్కిరిస్తూ ఉంటుంది.

"వచ్చిందటే! అమ్మకి కన్ను వచ్చింది! ఎవరో మహానుభావులు పోతూ పోతూ ఇచ్చి వెళ్ళారు. రేపే ఆపరేషన్. బట్టలు సర్దు!" అని ఆయన వరండాలోంచే కేకేశాడు.

ఆమె సంతోషంగా లేవబోయింది. లేస్తూ తోట వైపు చూసింది. గిల్లిన పూలు గుప్పెట్లోనే ఉన్నాయి. లేవడం మాత్రం సగంలోనే ఆగిపోయింది.

అత్తగారి కళ్ళకి పొర కమ్మి చాలాకాలమైంది. శుక్లం కాదు, నల్లగుడ్డు మీది పొరే మంచుపట్టిన అద్దంలా అయిపోయింది. ఎవరైనా చనిపోయినవాళ్ళ కంటిపొర దొరికితే తప్ప చూపు రాదన్నారు డాక్టర్లు. దొరికేదాకా ఎదురుచూడటమే. అంతకుముందు ఆవిడ అద్దకం కార్ఖానాలో రంగులు కలిపేది. కొట్టువాళ్ళు గుడ్డముక్క ఒకటి తెచ్చి ముందు పడేస్తే, అచ్చం అదే రంగు పెద్ద కాగులో దించేది. వీధిలో ఆవిడ పేరే రంగులమ్మ. ఎవరైనా 'ఎర్రచీర' అంటే ఊరుకునేది కాదు. "ఎరుపంటే ఏ ఎరుపే? ఇటుకా, దానిమ్మా, కుంకుమా? ఎరుపని ఊరికే అంటే ఎట్లా, మనిషిని మనిషీ అన్నట్టు!"

ఇంటి పక్కన పొడుగాటి జాగాలో ఆవిడ వేసిన తోట కూడా అద్దకమే. గేటు దగ్గర తెల్ల పూలతో మొదలై, గంధంరంగు, పసుపు, నారింజ, ఎరుపు, నేరేడు మీదుగా వెనకగోడ దగ్గర నీలంలో ముగిసేది. ఒక రంగు మడి ఎక్కడ ఆగిందో, పక్కరంగు ఎక్కడ మొదలైందో వేలుపెట్టి చూపించలేనంతగా కలిపేది. తడిబట్ట మీద రంగు పాకినట్టు ఉండేదట. ప్రతి వసంతానికీ జనం గేటు దగ్గర ఆగి చూసేవారట.

చూపు పోయాక తోట కోడలి చేతికొచ్చింది.

మొదటి ఏడాది కష్టపడింది. కానీ పసుపు మడి దగ్గర దారి ఎడమకి తిరుగుతుంది. తిరగకుండా తిన్నగా వెళితే కలువల కొలను. అంచు రాతిది, లోపల మనిషి నడుం లోతు. ఒక ఉదయం అత్తగారు అలవాటుకొద్దీ నడుస్తూ మలుపు మర్చిపోయి ఒక కాలు నీళ్ళలో వేసింది. అదృష్టం బాగుండి పక్కనే ఉన్న గులాబీ కొమ్మ చేతికి దొరికింది. అరచెయ్యి చీరుకుపోయింది.

మర్నాడే కోడలు పలుగు పట్టింది. పసుపు మడిలో మిగిలిన మొక్కలన్నీ పీకేసి, మలుపు పక్కన గుబురుగా దవనం నాటింది. ఘాటైన వాసన పదడుగుల ముందే ముక్కుకి తగులుతుంది. దవనం వాసన రాగానే ఎడమకి తిరగాలి. మెట్ల దగ్గర పుదీనా, కాలికింద నలిగి "ఇక్కడ మెట్టుంది" అని చెబుతుంది. బెంచీ పక్కన మల్లె. దారి చీలేచోట ముట్టుకుంటే గులాబీ వాసన వేసే జెరేనియం. తోట మధ్యదాకా గులకరాళ్ళు, అక్కణ్ణించి నున్నటి బండలు. అత్తగారి ముక్కుకీ పాదాలకీ తగ్గట్టు తోటంతా మారిపోయింది. రంగులు మాత్రం గాలికి పోయాయి. ఏ విత్తనం మొలిస్తే అదే ఉంచింది. ఎరుపులో తెలుపు, నీలంలో నారింజ.

ఆ ఏడాది పసుపు మొక్కలు పోయాయని అత్తగారికి నిజమే చెప్పింది. ఆవిడ అంది: "పసుపు లేకపోతే గంధం మీంచి నారింజకి దూకాలి. దూకితే అది అద్దకం కాదమ్మాయ్, మరక." ఆ తర్వాత కొన్నాళ్ళు గదిలోంచి బయటికే రాలేదు. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది. చూస్తూ చూస్తూ ఒకరోజు కోడలి నోటినుంచి ఆ స్టేషన్ గొంతు వచ్చింది.

"అత్తయ్యా, రెండు మొలకలు లేచాయి. పసుపువే. ఇంకొద్ది రోజుల్లో మడి నిండిపోతుంది."

అత్తగారు లేచి జుట్టు ముడేసుకుని, "పద" అంది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే తోట ప్రకటన. ఒక్క బండీ రద్దుకాదు. గంధం నిండుగా ఉంది, పసుపు విరగబూసింది, నేరేడు ఈసారి కాస్త ముదురు. ఆవిడ బెంచీ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ రంగులన్నీ లోపల కలుపుకునేది. అలా వసంతం మీద వసంతం గడిచాయి.

ఇప్పుడు కన్ను వస్తోంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఒక కంటికే చేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మాటలు ఆమె చెవిలో గింగిర్లు తిరుగుతూనే ఉన్నాయి. కంటి మీద కప్పు వచ్చేవారం తీస్తారు. చూపు ఒక్కసారిగా రాదు. ముందు వెలుతురు, తర్వాత రంగులు మరకల్లా, ఆ తర్వాత ఎప్పటికో గీతలూ మొహాలూ. కుట్లు నెలల తరబడి ఉంటాయి. వంగకూడదు, బరువెత్తకూడదు, ఉలిక్కిపడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పడకూడదు. పడితే అతికించిన పొర ఊడిపోతుంది.

ముందు రంగులే కనిపిస్తాయట!

అమ్మని చూసుకోవడానికి ఆడపడుచు వచ్చింది. చాలాకాలం తర్వాత తోటలోకి అడుగుపెట్టి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"వదినా, ఏంటిది? గాజులబండి బోల్తాపడ్డట్టుందే! అమ్మేమో ఫోన్లో 'పసుపు మడి ఎంత బాగా వచ్చిందో' అని నాకు రోజూ చెబుతుంది. ఏదీ ఆ మడి? తిన్నావా దాన్ని?"

"నెమ్మదిగా మాట్లాడు, వినపడుతుంది."

"వినపడితే ఏముంది, వచ్చేవారం కనపడుతుంది కదా!" అంది ఆడపడుచు. అని, వదిన మొహం చూసి గొంతు తగ్గించింది. "ఇదిగో, నేను చెప్పను. కానీ అమ్మ సంగతి తెలుసుగా. కార్ఖానాలో ఒకడు రంగు తప్పుగా కలిపి సరిగ్గానే ఉందన్నాడని పదేళ్ళు వాడితో మాట్లాడలేదు. తప్పు కలిపినందుకు కాదు, ఉందన్నందుకు."

ఆ రాత్రి అన్నాల దగ్గర లిఫ్టు మెకానిక్కు తన పద్ధతిలో తేల్చేశాడు. "చెప్పెయ్. మధ్యలో ఇరుక్కున్న లిఫ్టుని ఎంత బాదినా లాభం లేదు. తలుపు తెరిచి మనుషుల్ని దింపెయ్యాలి."

"ఇప్పుడా? కుట్లు పచ్చిగా ఉన్నప్పుడా? ఏడిస్తే?" అంది ఆమె. ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

ఆమె సెలవు పెట్టింది. మొక్కల నర్సరీ ఆయన్ని పట్టుకుంది. ఆయన ఒక చిట్కా చెప్పాడు. విరగబూసిన మొక్కల్ని కుండీలతో సహా నేలలో అంచుదాకా పాతేసి, పైన ఎండుటాకులు కప్పితే, పుట్టినప్పటినుంచీ అక్కడే పెరిగినట్టు కనిపిస్తాయి. "పెళ్ళిళ్ళకి అలాగే చేస్తామమ్మా. మర్నాడు పీక్కుపోతాం."

వారమంతా తవ్వడమే. మడి తర్వాత మడి. అత్తగారు గదిలో పడుకుని వింటూ, "ఏంటమ్మాయ్, ఇంతగా తవ్వుతున్నావు?" అని అడిగేది. "కలుపు అత్తయ్యా" అనేది ఆమె. చివరి రోజుకి గేటు దగ్గర తెలుపు కుదిరింది, గంధం కుదిరింది, ఎరుపు దాదాపు కుదిరింది. మిగిలింది పసుపు. పసుపు ఉండాల్సిన చోట బూడిదపచ్చగా దవనం.

దాన్ని తియ్యడానికి చెయ్యి రాలేదు. వారం రోజులూ దాని పక్కనుంచే వెళ్ళింది, వచ్చింది. అత్తగారు ఎలాగూ బయటికి రావడం లేదు. దుమ్ము తగలకూడదని డాక్టరు తోటలోకి వెళ్ళొద్దన్నాడు. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో కప్పు తీస్తారు. ఇంటికి తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడితే మొట్టమొదట కనిపించే వెలుగు పసుపే అవుతుంది. పసుపు లేకపోతే మరక.

తెల్లవారుతుండగా పలుగు దింపింది. దవనం వేళ్ళు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. తెగుతుంటే వాసన గుప్పుమంది, కళ్ళు చెమర్చాయి. గుబురంతా తీసి తడిగోనెలో చుట్టి, గోడవార షెడ్డు వెనక పెట్టింది. బంతి కుండీలు ఒక్కొక్కటే తెచ్చి పాతింది. మడంతా తడిసేలా నీళ్ళు పోసేసరికి మట్టికి పట్టిన దవనం వాసనా పోయింది. బంతికీ వాసన ఉంది కానీ, నర్సరీవాళ్ళ కొత్తరకం బంతికి అదీ లేదు. చేతులు కడుక్కోవడానికి వెనకగోడ దగ్గరి కుళాయికి వెళ్ళింది. కుళాయి కట్టి తలెత్తింది.

అత్తగారు నడుస్తోంది.

ఒంటరిగా. కంటి మీద తెల్లటి కప్పు, దాని మీద నల్లద్దాలు. ఒక చెయ్యి కొద్దిగా ముందుకు చాచి, పాదాలతో గులకరాళ్ళని పలకరిస్తూ. మెట్టు దగ్గర పుదీనా నలిగింది, దిగింది. జెరేనియం ఆకుని వేళ్ళతో తడిమింది, సరైన దారి పట్టింది. ఆవిడ ఎప్పుడూ నడిచే వేగమే. తడబాటు లేదు. ముక్కు కాస్త పైకెత్తి ఉంది. దవనం వాసన కోసం చూస్తోంది. వచ్చినప్పుడు తిరుగుదామని.

వాసన రాదు.

ఆమెకి గొంతులో కేక పుట్టింది. నోటిదాకా వచ్చిన కేకని పళ్ళ మధ్య నొక్కేసింది. అరిస్తే ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే కాలు తూలుతుంది. పరుగెత్తితే బండల మీద చప్పుడుకి ఇటు తిరిగి ఒక అడుగు వేస్తుంది. ఆ ఒక్క అడుగూ ఎటు పడుతుందో! మధ్యలో కొలను ఉంది. అత్తగారికి ఇంకా మూడు నాలుగు అడుగులే ఉన్నాయి. ఆవిడ నడుస్తూనే ఉంది.

అప్పుడు ఆమె ఊపిరి పీల్చుకుని, స్టేషన్ గొంతుతో, ఒక్క అక్షరం వణకనివ్వకుండా, పలికింది.

"దయచేసి వినండి. పసుపు మడి వైపు వెళుతున్న అత్తయ్యగారికి విజ్ఞప్తి. ఉన్నచోటనే ఆగవలెను. ముందు దారి లేదు."

అత్తగారు ఆగింది. ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి పెట్టుకుంది. కొలను రాతి అంచుకీ ఆవిడ బొటనవేలికీ మధ్య జానెడు కూడా లేదు. నీళ్ళలో ఒక కప్ప బుడుంగుమంది.

ఆమె చుట్టూ తిరిగి వెళ్ళి, వెనకనుంచి రెండు భుజాలూ పట్టుకుంది. నాలుగడుగులు వెనక్కి నడిపించి అంచుకి దూరంగా నిలబెట్టింది.

"ఎందుకొచ్చారు అత్తయ్యా? డాక్టరు వద్దన్నాడు కదా!"

"రేపటినించి కళ్ళతో నడవాలి కదా. ఇవాళ ఆఖరుసారి కాళ్ళతో నడుద్దామని" అంది అత్తగారు. కాసేపు గాలి పీల్చింది. "దవనం ఏది?"

చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో! తెగులు పట్టింది, ముదిరిపోయింది, కొత్తది వస్తోంది. అన్నీ నాలిక చివరిదాకా వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆమె వాటిని పంపించేసింది.

"పీకేశాను. అక్కడ పసుపు పెడదామని. పసుపు లేదత్తయ్యా. మీరు కొలనులో కాలేసిన ఏడాదినుంచీ లేదు. గంధమూ లేదు, నేరేడూ లేదు. నేను చెప్పినవేవీ లేవు. ఇప్పుడున్నవి నర్సరీ కుండీలు."

అత్తగారు ఆమె చెయ్యి తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. ఇంట్లోకి నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాక, గోడకి చెబుతున్నట్టు అంది.

"ఇన్నాళ్ళూ లేని తోటలో తిప్పావా నన్ను?"

"కాళ్ళకింద ఉన్నదంతా నిజమే అత్తయ్యా."

"నేను చుట్టాలందరికీ చెప్పుకున్నాను. నా కోడలు నాకంటే బాగా కలుపుతోందని చెప్పుకున్నాను." ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. సిగ్గు ఉంది. అది ఆమె భరించలేకపోయింది. ఆడపడుచు గుమ్మం దగ్గరికి వచ్చి, అమ్మ కాళ్ళకంటిన మట్టి చూసి తడిగుడ్డ కోసం వెనక్కి వెళ్ళింది.

ఆసుపత్రికి వెళ్ళేదారిలో కారులో లిఫ్టు మెకానిక్కు రెండుసార్లు దగ్గాడు. డాక్టరు కప్పు తీసి, లైటు వేసి చూసి, కుట్లు చక్కగా ఉన్నాయన్నాడు. "ఏం కనిపిస్తోందమ్మా?" అని డాక్టరు అడిగితే, అత్తగారు ఆయన చొక్కా వైపు తిరిగి, "పొగరంగు. కొంచెం నీలం పడింది. నాసిరకం అద్దకం, రెండు ఉతుకులకి పోతుంది" అంది. డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

ఇంటికొచ్చాక అత్తగారు లోపలికి వెళ్ళలేదు. గేటు దగ్గర నిలబడింది. ఆమె నాలుగడుగుల వెనక నిలబడింది, తీర్పు వినేవాళ్ళలా.

"తెలుపు" అంది అత్తగారు నెమ్మదిగా. "తర్వాత గంధం. ఆ వెలిగిపోతున్నదేంటి, పసుపా?"

"నర్సరీ బంతి."

"బాగుంది." ఒక క్షణం ఆగింది. "తీసెయ్."

"అత్తయ్యా..."

"ఒక కన్నేగా తెరుచుకుంది. రెండోది ఇంకా చీకటే. చీకటిపడితే నాకు ఈ కన్నూ చీకటే. నా కాళ్ళకి ఆ వాసన తెలుసు, ఈ పసుపు తెలియదు. దవనం ఎక్కడ పడేశావు?"

"పడెయ్యలేదు. షెడ్డు వెనక, తడిగోనెలో."

"అయితే నిలబడ్డావేం?"

ఆడపడుచు కొంగు దోపుకుని పలుగు తెచ్చింది. "పద వదినా. పెట్టినదాన్ని పీకడం, పీకినదాన్ని పెట్టడం. మున్సిపాలిటీవాళ్ళు నీ దగ్గర పాఠాలు నేర్చుకోవాలి." బంతి కుండీలు పైకి లేచాయి. దవనం అదే గుంటలో దిగింది. మధ్యాహ్నం ఎండకి కొమ్మలన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. తెగిన వేళ్ళ మొక్క వసంతం ఎండలో బతుకుతుందో లేదో నర్సరీ ఆయన కూడా చెప్పలేనన్నాడు. ఆకులు సగం కత్తిరించి, మీద తాటాకు నీడ పెట్టి, నీళ్ళు పొయ్యమన్నాడు.

అత్తగారు ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. కావలసింది కూతురితో చెప్పించుకుంది. కంట్లో మందు మాత్రం కోడలి చేతే వేయించుకునేది. తల వెనక్కి వాల్చి, మాట లేకుండా. చుక్క పడే క్షణంలో ఆ కొత్తకన్ను తిన్నగా ఆమె మొహంలోకి చూసేది. ఏం కనిపిస్తోందో ఆమెకి అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆడపడుచు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న, ఆమె దవనానికి నీళ్ళు పోస్తుంటే వెనక గులకరాళ్ళ చప్పుడైంది. పుదీనా నలిగింది. అత్తగారు వచ్చి ఆమె పక్కన ఆగింది. నల్లద్దాలు తీసి తోటనంతా ఒకసారి కలయజూసింది.

"అదేంటి ఆ మూల?"

"ఎరుపు అత్తయ్యా."

"ఎరుపు కాదు, ఇటుక. పక్కది?"

"ఎరు... దానిమ్మ?"

"ఊఁ. రెంటి మధ్యా ఆ నీలం చుక్క ఎవడు పెట్టాడు?"

"నేనే. దానంతటదే మొలిచింది, ఉంచేశాను."

"మరక" అంది అత్తగారు. కాని పీకమనలేదు. తిరిగి దవనం వైపు మొహం దించబోయి, వంగకూడదని గుర్తొచ్చి ఆగింది. ముక్కుతో గట్టిగా గాలి పీల్చింది. ఏమీ తగిలినట్టు లేదు.

"వస్తుందా ఇది?" అని అడిగింది.

ఆమె కొమ్మల వైపు చూసింది. సగం ఎండాయి. ఒకచోట కణుపు దగ్గర పచ్చటిదేదో గింజంత ఉబ్బి ఉంది. చిగురో, ఊరికే వాపో తెలియడం లేదు. మైకు ముందు కూర్చున్నట్టే గొంతు సవరించుకుంది.

"ఆలస్యంగా నడుస్తోంది అత్తయ్యా. ఎంతసేపో సమాచారం లేదు. అసలు రాకపోనూవచ్చు."

అత్తగారు తలూపింది.

"అలా చెప్పు" అంది. చెయ్యి చాచి, మలుపు దాటించమన్నట్టు కోడలి మోచెయ్యి పట్టుకుంది.